ఆరో గదిలో ఎర్ర రుమాళ్ళు

లోమా సెకా,
ఆగస్టు 25, 1996

చిరంజీవి నబోర్‌కి,

దేవమాత నిన్ను తన కొంగు చాటున ఉంచుగాక. నేను కులాసా. మోకాలు మామూలే.

ఈ ఏడు బడిలో కొత్త పద్ధతి పెట్టారు. రెండో తరగతి చదువంతా స్పానిష్‌లోనే. లెక్కలూ, చెట్లూ చేమలూ, అలకలూ అన్నీ. గడప దాటాక ఇంగ్లీషు ముక్క వినపడకూడదు. సగం మంది లెట్యూస్ ఆకుకూర కోసే మన కూలీల పిల్లలు, సగం మంది ఆ తోటల ఆసాముల పిల్లలు. ఆరో నంబరు గది నాకిచ్చారు. "గదికి ఒక చిన్న లైబ్రరీ కూడా మీరే సర్దుకోండి ఒతీలియా" అన్నారు ప్రిన్సిపాల్ ప్లంకెట్ గారు.

సర్దాలంటే ముందు పుస్తకాలుండాలి. ఊరందరినీ అడిగితే అట్టపెట్టెలు వచ్చాయి. ఎవరి అటకలు దులిపారో! ఒక పెట్టె నిండా ట్రాక్టరు మరమ్మతు పుస్తకాలు. స్పానిష్‌లోనే ఉన్నాయి, కాదనను.

వడబోయగా మిగిలినవాటిని బీరువాలో నిలబెట్టాను. అక్కడ ఇంకో చిక్కు. మెక్సికోలో అచ్చయిన పుస్తకానికి వీపు మీద పేరు కింది నుంచి పైకి పోతుంది. ఇక్కడ అమెరికాలో అచ్చయినదానికి పై నుంచి కిందికి. రెండూ పక్కపక్కన ఉంటే పిల్లలు ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ మెడ వంచి కోళ్ళలా చూస్తున్నారు. అందుకని నిలబెట్టడం మానేశాను. తోట ఆసామి హాల్వర్సన్ షెడ్డు నుంచి పాత లెట్యూస్ చెక్కపెట్టెలు తెచ్చి, బొమ్మ ముందుకు కనపడేలా వాటిలో పేర్చాను. చెక్క గరుకు, చేతికి పేళ్ళు గుచ్చుకుంటాయి. ఆదివారం సంతలో ఎర్ర పూల రుమాళ్ళు డజను కొని లోపల పరిచాను. అమ్మ తలకి కట్టుకుని తోటలోకి పోయేదే, రొట్టెలు మూటగట్టేదే, అవే రుమాళ్ళు.

పేర్లు పిల్లలే పెట్టారు. కోరలున్నవి. అమ్మమ్మలు. భయపెట్టేవి. నవ్వొచ్చేవి. ప్లంకెట్ గారు పెట్టెలకి స్థాయి నంబర్లు వెయ్యమన్నారు. "పిల్లలు నంబరు చూసి పుస్తకం తియ్యరండీ, బొమ్మ చూసి తీస్తారు" అన్నాను. నంబర్లు వెయ్యలేదు.

పెట్టెలన్నీ కిటికీ కింద వరసగా పెట్టాను. రోడ్డు మీదికి అందంగా కనిపిస్తున్నాయి. ఫోటో పెడుతున్నాను చూడు.

ప్రార్థనలో నిన్ను మరవని
అక్క


జైలు, మూడో ఆవరణ,
సెప్టెంబరు 14

అక్కకి దండం, పంతులమ్మగారికి ఇంకో దండం,

ఉత్తరం చేరింది, చింపి, చదివి, మళ్ళీ అంటించి మరీ ఇచ్చారు. ఇక్కడి గార్డులకి నీ మోకాలి సంగతి నాకన్నా ముందు తెలుస్తుంది. మొన్న ఒకడు "మీ అక్కకి ఆముదం రాయమను" అన్నాడు.

కోరలున్నవి అనే పెట్టెలో నన్ను కూడా పెట్టు. షెడ్డులో మనిషిని పొడిచి వచ్చినవాడిని, అర్హత ఉంది.

ఇప్పుడు చెప్పే మాట నవ్వులాటకి కాదు. ఆ ఎర్ర గుడ్డలు తీసెయ్. ఇక్కడ మనవాళ్ళంతా రెండు ముఠాలు. ఎర్రవాళ్ళు ఒక ఆవరణలో తింటారు, నీలంవాళ్ళు ఒక ఆవరణలో. నేను ఎవరితో తింటానో నీకు తెలుసు. తప్పో ఒప్పో, వాళ్ళతో తిన్నందుకే ప్రాణంతో ఉన్నాను. లోపల ఎలా ఉందో మన ఊళ్ళో బయటా అలాగే ఉంది. నువ్వు తల వంచుకుని చర్చికీ బడికీ పోతావు కాబట్టి నీకు తెలియదు.

కావాలంటే నీలం గుడ్డలు వేసుకో. ఫోటో చింపేశాను, ఏమీ అనుకోకు.

నీ కొరివి,
నబోర్


లోమా సెకా,
అక్టోబరు 6

నబోర్‌కి,

క్రీస్తు శాంతి నీకు కలుగుగాక.

ఫోటో చింపావని చదివాను. అందులో అమ్మ రుమాళ్ళతో పాటు పిల్లల మొహాలు కూడా ఉన్నాయి.

నీలం వేసుకోమన్నావు. నీ జట్టు రంగు తెచ్చి నా గదిలో పరచమంటావా? ఎర్రది ముఠా జెండా అయితే నీలం కాదా? ఆ రుమాలు నీ జైలు పుట్టకముందు నుంచీ మన ఆడవాళ్ళ నెత్తిన ఉంది. ఎవరైనా అడిగితే ఇది మా అమ్మ గుడ్డ అని చెప్తాను.

ఒకడు ఆ మాట ఎత్తాడు కూడా. లెయోబార్దో అని ఒక చిన్నవాడున్నాడు. "టీచర్, నేను ఆ పెట్టెల్లో చెయ్యి పెట్టను, మా అన్న వేళ్ళు విరుస్తానన్నాడు" అన్నాడు. "మీ అన్నకి చదవడం వచ్చా?" అన్నాను. "రాదు, విరవడం వచ్చు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే వాడూ ఇంకొకడూ నవ్వొచ్చేవి పెట్టె దగ్గర పడి కొట్టుకున్నారు. ఆ రెండోవాడు గట్టి అట్ట పుస్తకం అంచుతో లెయోబార్దో ముక్కు మీద కొట్టాడు. నవ్వే కప్ప బొమ్మ నిండా రక్తం. తడిగుడ్డతో తుడిచినా కప్ప మూతికి ఎరుపు అలాగే ఉండిపోయింది. పిల్లల కొట్లాటలు ఎప్పుడూ ఉన్నవే.

హాల్వర్సన్ గారి భార్య వచ్చింది. వాళ్ళబ్బాయి భోజనాల బల్ల దగ్గర ఉప్పు కూడా స్పానిష్‌లోనే అడుగుతున్నాడట. "వాడేమంటున్నాడో వంటమనిషిని అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది" అని వాపోయింది. మంచిదేనండీ అన్నాను.

నీ ఆవరణ సంగతులు నా గదిలోకి పంపకు.

అక్క


జైలు,
నవంబరు 2

అక్కా,

చెయ్యి బెణికింది. వంటింట్లో నీళ్ళ మీద జారాను. ఎడంచేత్తో గిలుకుతున్నా. జైలంతా తాళాలు వేశారు. ములాకత్‌లు లేవు, ఫోన్లు లేవు.

గుడ్డలు తీశావా? తీశానని ఒక్క ముక్క రాయి. అలిగితే అలుగు, తిడితే తిట్టు. తీశానని రాయి.

నబోర్


లోమా సెకా,
నవంబరు 17

నబోర్‌కి,

నీ రాత చూశాను. అక్షరాలు తాగినవాడి నడకలా ఉన్నాయి. లోపల పండ్లు పులియబెట్టి తాగుతారని చర్చిలో ఒకామె చెప్పింది, ఆమె కొడుకూ అక్కడే. నాన్న చివరి రోజుల్లో రాసిన చీటీలు ఇలాగే ఉండేవి. ఆయనా ప్రతిసారీ జారిపడ్డాననే చెప్పేవాడు. నీ కోసం తొమ్మిది రోజుల జపం మొదలుపెట్టాను.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. గది కిటికీ అద్దం పగిలింది. చెక్కలు కొట్టించారు. పెట్టెలు లోపలి గోడ వైపు జరిపాను. తిమింగలాల పుస్తకం ఒకటి పాడైంది. రుమాళ్ళు తీసేశాను.

చలికి భుజం పట్టేసింది, ఎక్కువ రాయలేను.

అక్క


డిసెంబరు 5

అక్కా,

ఈ ఉత్తరం టపాలో రాదు. విడుదలైన మనిషి చేతికిచ్చాను. తలుపు దగ్గరే ఇచ్చి పోతాడు, కాఫీ ఇవ్వకు, కూర్చోబెట్టకు.

గాలికి అద్దం పగిలిందా? గాలికి తుపాకీ ఉంటుందా? చలికి భుజం పట్టేసిందా? కట్టు విప్పి చూపించు ఆ చలిని! నాకిక్కడ అన్నీ తెలుస్తాయి. నీకే ఏమీ తెలియదు.

విను. నేను చింపకముందే ఆ ఫోటో చూశారు. ఉత్తరాల గదిలో పనిచేసేవాడు చూసి మావాళ్ళ చెవిన వేశాడు. నబోర్ అక్క గది నిండా ఎరుపు పరిచింది, అటు మొగ్గింది అని. మా అమ్మ తలగుడ్డరా అన్నాను. "మీ అమ్మ కూడా ఎర్రదేనన్న మాట" అని నవ్వారు. ఆ నవ్వు మీదే పొడిచారు. పక్కలో, చేతిలో, మెడ కింద. నాతో ఒకే బల్ల మీద తినేవాళ్ళు. తాగానని జపం మొదలుపెట్టావు నువ్వు!

తర్వాత మన ఊరి కబురొచ్చింది. ఎర్ర కిటికీని కాల్చింది ఎర్రవాళ్ళూ కాదు, పోలీసులూ కాదు. మా నీలంవాడే. త్రాన్సితమ్మ కొడుకు విల్ఫ్రిదో. జట్టులో పెద్దల కంట పడాలని ఆదివారం బడి ఖాళీగా ఉంటుందనుకుని కాల్చాడు. నా అక్క ఉన్న గదిలోకి.

నేను పెద్దలని అనుమతి అడిగాను. ఇచ్చారు. క్రిస్మస్ పండగలోపు ఇద్దరు వస్తారు. చంపొద్దన్నాను. చేతులు విరిస్తే చాలన్నాను, రెండూ. అదీ నీ మొహం చూసే.

నువ్వు ఇంట్లో తలుపు వేసుకుని ఉండు.

నబోర్


లోమా సెకా,
డిసెంబరు 10

నబోర్‌కి,

దేవుడు నీ గాయాలు మాన్పుగాక. తాగావని రాశాను, క్షమించు.

ఉత్తరాలు తెరిచి చదివేవాళ్ళున్నారు. అందుకని నీ సంగతి ఎత్తను, నా సంగతి మాత్రమే రాస్తాను.

ఆ ఆదివారం పూజ అయ్యాక గదికి వెళ్ళాను. భయపెట్టేవి పెట్టెలో తిమింగలాలు కలిసిపోయాయి, వేరు చేద్దామని. నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాను. కారు ఆగిన చప్పుడు, తర్వాత చప్పుళ్ళే చప్పుళ్ళు. అద్దం నా మీద పడింది. ఒక గుండు పెట్టె చెక్క చీల్చి, తిమింగలాల పుస్తకంలో దూరి అక్కడే ఆగింది. ఇంకొకటి భుజం మీద తోలు లేపుకుని పోయింది. లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. రోడ్డు మీద తుపాకీ పట్టుకుని వాడు. నన్ను చూశాడు. "టీచర్!" అని అరిచాడు. చిన్నప్పుడు చెయ్యెత్తి పిలిచేవాడు చూడు, అచ్చం అలాగే. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే.

కాల్చినవాడిని చూడలేదని పోలీసులకి చెప్పాను. ఆ అబద్ధం ఫాదర్ దగ్గర ఒప్పుకున్నాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే త్రాన్సితమ్మ ఇంటికి పోయాను. తలుపు సందులోంచి చూసి, "మీ తమ్ముడు పంపాడా?" అంది. "పంపలేదు. కుర్చీ ఉంటే వాకిట్లో వెయ్యండి" అన్నాను. వేసింది. జపమాల తీశాను. ఆమె ఇంకో కుర్చీ తెచ్చుకుంది.

వాడు లోపల మంచం కింద దాక్కున్నాడు. ఇరవై నాలుగేళ్ళ మనిషి. రెండో రోజు బయటికొచ్చి, "టీచర్, మీరు ఇంటికి పోండి, మీకేమైనా అయితే నేను బతకలేను" అన్నాడు. "నువ్వు బతకాలనేగా కూర్చున్నాను, లోపలికి పో" అన్నాను. పోలీసుల దగ్గరికి నువ్వే వెళ్ళి చెప్పుకోమని కూడా అన్నాను. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

రోజూ బడి వదిలాక వెళ్తున్నాను. చీకటిపడితే అక్కడే పడుకుంటున్నాను. తలుపు వేసుకుని ఉండమన్నావు. వేసిన తలుపుకి బయటి వైపున ఉన్నాను.

నువ్వు చెప్పిన మాట వెనక్కి తీసుకో. ఏ మాటో నీకు తెలుసు.

పిల్లలు తిమింగలాల పుస్తకం పారెయ్యనివ్వలేదు. అట్ట నుంచి చివరి పేజీ దాకా కన్నం. "దీన్ని ఎవరు కొట్టారు టీచర్? వేటగాళ్ళా?" అన్నాడు హాల్వర్సన్ వాళ్ళబ్బాయి. "కాదురా, మా వీధివాళ్ళు" అన్నాడు లెయోబార్దో. దాన్ని ఏ పెట్టెలో పెట్టాలని పెద్ద పంచాయితీ జరిగింది. ఇంకా తేలలేదు.

జవాబు త్వరగా రాయి.

అక్క


లోమా సెకా,
డిసెంబరు 19

నబోర్‌కి,

ఎవరు చదివినా చదవనీ, అంతా రాస్తున్నాను. నీ జవాబు రాలేదు. వాళ్ళు వచ్చారు.

ఇద్దరు. ఒకడి చేతిలో ఇనపకడ్డీ. వెలుతురు ఉండగానే వచ్చారు, సిగ్గు లేకుండా. "పెద్దమ్మా, లేవండి" అన్నాడు ఒకడు. "జపమాలలో మూడో పదిలో ఉన్నాను. అయిపోనీ" అన్నాను. నిలబడ్డారు. మూడోది అయ్యాక నాలుగోది మొదలుపెట్టాను.

"ముసలిదానికి మనమంటే వేళాకోళంగా ఉందిరా" అన్నాడు కడ్డీవాడు.

"ఎవరి మాట మీద వచ్చావు నాయనా?"

"మీ తమ్ముడి మాట మీదే."

"నా తమ్ముడి కన్నా నేను పెద్దదాన్ని. పో."

కుర్చీ తన్నాడు. మెట్ల మీద పడ్డాను. కుడి మణికట్టు కింద పడి విరిగింది. విరిగిన చప్పుడు వాళ్ళకీ వినపడింది. త్రాన్సితమ్మ వాడి మొహం మీద పడి రక్కింది. ఆమెని కడ్డీతో వీపు మీద కొట్టాడు, ఆమె పడిపోయింది. అప్పుడు విల్ఫ్రిదో లెట్యూస్ కోసే కత్తి పట్టుకుని వచ్చాడు. వాడి కళ్ళు చూశాను. షెడ్డులో ఆ రోజు నీ కళ్ళు నేను చూడలేదు, కానీ ఇలాగే ఉండి ఉంటాయి.

"కింద పెట్టు!" అని అరిచాను. తరగతిలో అరిచినట్టే అరిచాను. పెట్టాడు. కత్తి కింద పెట్టి, రెండు చేతులూ వాకిట కమ్మీ మీద చాచాడు. "ఇవే కదా కావాలి, తీసుకోండి, ఆవిడని వదిలెయ్యండి" అన్నాడు. కడ్డీ ఒక్కసారే పడింది. ఎడమచేతి వేళ్ళు. రెండోసారి ఎత్తబోతే రెండోవాడు పట్టుకున్నాడు. "ఆగరా పిచ్చోడా, నబోర్ అక్కని పడేశావు! ఇప్పుడు మనకి మూడుతుంది. పెద్దల్ని మళ్ళీ అడిగి వద్దాం, పద." వెళ్ళారు.

అడిగి వస్తారట.

ఇది త్రాన్సితమ్మ చెల్లెలు రాస్తోంది, నేను చెప్తుంటే. నా చెయ్యి పిండికట్టులో ఉంది. రేపు మళ్ళీ కుర్చీలో కూర్చుంటాను. ఇక నిన్నేమీ అడగను.

అక్క


జైలు ఆస్పత్రి,
జనవరి 8, 1997

పూజ్యులైన ఒతీలియా గారికి,

రాస్తున్నది నబోర్ గదిలో ఉండే అనస్తాసియో. నా స్పెల్లింగులు చూసి కొట్టొద్దు, మీరు టీచరుగారని చెప్పాడు. ఇక్కడి నుంచి అతని మాటలు.

అక్కా, మాట వెనక్కి తీసుకున్నాను. ఇక ఎవరూ రారు. కుర్చీలోంచి లే.

ఇచ్చిన అనుమతి ఊరికే వెనక్కి పోదు ఇక్కడ. ఎవరి ఒంటి మీదో ఒకరి ఒంటి మీద చెల్లాలి. నా ఒంటి మీదే చెల్లనివ్వమన్నాను. ఒక కన్ను పోయింది. చెంచా పిడిని గోడకి అరగదీసి చేసిన కత్తి, పదును బాగానే ఉంది. పట్టుకున్నవాళ్ళలో నేను తిండి పంచుకున్నవాడు ఒకడున్నాడు. అరవలేదని అందరూ మెచ్చుకున్నారు. అరిచాను అక్కా. వీడు రాయనంటున్నాడు, రాయరా.

ఇది ఆ వెధవ కోసం చెయ్యలేదు. వాడి రెండో చెయ్యి కూడా విరిగి ఉంటే హాయిగా నిద్రపోయేవాడిని. నా మాట మీద వచ్చినవాడు నిన్ను తన్నాడని విన్నాను. దానికే.

నువ్వు గెలిచావు. సంతోషమేనా?

నబోర్ (చెప్పినది)


లోమా సెకా,
జనవరి 19

నబోర్‌కి,

నీ ఉత్తరం చర్చిలో చదువుకున్నాను. చదివాక ఒక ప్రార్థన కూడా నోటికి రాలేదు. లేచి వచ్చాను.

సంతోషమేనా అని అడిగావు. లేదు.

విల్ఫ్రిదో తనంతట తనే పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. జనవరి ఏడున, ముగ్గురు రాజుల పండగ మర్నాడు. త్రాన్సితమ్మ వాడికి చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. కట్టు ఉన్న చెయ్యికి చొక్కా పట్టక కుట్టు విప్పాల్సి వచ్చింది. ఆమె ఒక వైపు, నేను ఒక వైపు నడిచాం. నేనూ లోపలికి వెళ్ళి, చూడలేదన్నది అబద్ధమని చెప్పాను. దానికి నన్నేం చేస్తారో ఇంకా చెప్పలేదు. ప్లంకెట్ గారు మాత్రం అప్పటిదాకా తరగతి మీదేనన్నారు.

కిటికీకి కొత్త అద్దం వేశారు. పెట్టెల్లో ఇప్పుడు గుడ్డలేమీ లేవు, చెక్క మీదే పుస్తకాలు. పేళ్ళు గుచ్చుకున్నాయని పిల్లలు వేళ్ళు చూపించడానికి వస్తున్నారు. ఎడంచేత్తో సూది పట్టుకుని తియ్యడం కష్టంగా ఉంది. భయపెట్టేవి పెట్టె మీద అందరూ ఎగబడుతున్నారు. నవ్వొచ్చేవి ఎవరూ ముట్టుకోవడం లేదు. ఎందుకో నేను అడగలేదు.

ఫిబ్రవరి నుంచి ములాకత్‌లు ఇస్తారని చర్చిలో ఆమె చెప్పింది. మొదటి శనివారం బస్సెక్కుతాను. ఆమె తన కొడుకు కోసం, నేను నీ కోసం. తినడానికి ఏమీ తేనివ్వరట.

ఏ కన్నో నువ్వు రాయలేదు. అనస్తాసియో చేత రాయించు. నీకు ఏ పక్కన కూర్చోవాలో నాకు తెలియాలి.

అక్క